పొడిగా ఉంటుందన్న వారం

సోమవారం సాయంత్రం ఆరు కొట్టగానే కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు వైపు ఊళ్లలో పద్దెనిమిది వేల సెల్‌ఫోన్లు దాదాపు ఒకేసారి మోగేవి. ఎత్తితే ఒక ఆడమనిషి గొంతు వినిపించేది. "నమస్తే. నేను నవనీతను. ఈ వారం వాన కబురు చెప్తున్న, జర వినుండ్రి." రెండు నిమిషాల మాట అది. వినేవాళ్లకు తిరిగి జవాబు చెప్పే వీలు లేదు. అయినా చాలామంది మాట అయిపోయాక "సరే బిడ్డా" అని ఫోను పెట్టేసేవాళ్లట. ఆ సంగతి నవనీతకు కమలవ్వ అనే పసుపు రైతు చెప్పింది.

నవనీత ఉండేది చిక్కడపల్లిలో, గానసభ వెనక గల్లీలో, తల్లితో కలిసి రెండు గదుల కిరాయి ఇంట్లో. ఆఫీసు నారాయణగూడ చౌరస్తాకు దగ్గర్లో ఒక పాత మేడ రెండో అంతస్తు. నడిచే వెళ్లేది. ఆఫీసంటే మూడు గదులు, ఒక మూలన ప్లైవుడ్‌తో కట్టిన చిన్న రికార్డింగు గది. దాని లోపల గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత దుప్పట్లు. ఎండాకాలం అందులో పది నిమిషాలు కూర్చుంటే జాకెట్టు వీపుకు అంటుకుపోయేది.

ఎనిమిదేళ్ల కిందట తండ్రి పోయిన ఏడాది టైపింగు పని కోసం ఆ మెట్లెక్కింది. జగన్నాథరావు గారు వ్యవసాయ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, రైతుల కోసం ఈ ఫోను కబుర్ల సంస్థ అప్పుడే మొదలుపెట్టారు. ఆవేళ నవనీత ఎవరికో ఫోనులో ఆఫీసు అడ్రసు చెబుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్నారు. "నీ గొంతుల తొందర లేదమ్మా. రైతుకు గసొంటి గొంతే కావాలె" అన్నారు. టైపింగు మానిపించి మైకు ముందు కూర్చోబెట్టారు.

వాతావరణం గురించి ఆమెకు తెలిసిందంతా ఆయన నేర్పిందే. గాలివాలు, తేమ, ద్రోణి అన్నీ బొమ్మలు గీసి చెప్పేవారు. ఒకసారి ఆమె రాసిన కాగితంలో "అక్కడక్కడా వర్షాలు" అన్న మాట కింద గీత గీశారు. "అక్కడక్కడ అంటే రైతుకు ఏమర్థమైతది? ఆయన పొలం ఒక్కకాడనే ఉంటది. ఏం చెయ్యాల్నో చెప్పు. భయపెట్టకు, దాచిపెట్టకు." ఆ మాట నవనీత డైరీ మొదటి పేజీలో రాసుకుంది. జీతం పెరిగినా పెరగకపోయినా ఆ ఆఫీసు వదిలి వెళ్లాలని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. తండ్రి సంవత్సరీకానికి ఆయన వచ్చి అన్నం తిని వెళ్లేవారు. ఇంకేం కావాలి అనుకునేది.

రెండు వేల పద్నాలుగు మార్చి మూడు, సోమవారం. రాష్ట్రం వస్తోందన్న సంబరంలో చల్లిన గులాబీ రంగు నారాయణగూడ రోడ్డు మీద గోడలకు ఇంకా అంటుకునే ఉంది. పొద్దున పదింటికి వాతావరణ శాఖ నుంచి ఆ వారం అంచనా వచ్చింది. నవనీత రెండుసార్లు చదివింది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, పడమటి నుంచి వచ్చే చల్లగాలి తెలంగాణ మీద ఎదురుపడతాయి. బుధవారం నుంచి ఆదివారం దాకా ఉత్తర జిల్లాల్లో ఉరుములతో వానలు, ఈదురుగాలి, వడగళ్లు. శివరాత్రి పోయి వారమైనా కాలేదు, ఇదేం వాన అనుకుంది. వెంటనే ఆమెకు గుర్తొచ్చింది పసుపే.

ఆ నెలలో ఆ ఊళ్లన్నీ పసుపు మీదే ఉంటాయి. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి కల్లంలో పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. తవ్వి ఉడకబెట్టకుండా కుప్పగా ఉంచిన కొమ్ముకు వారం రోజులు ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. ఉడికిన కొమ్ము మీద వాన పడితే మాత్రం రంగు పోతుంది, బూజు పడుతుంది. తొమ్మిది నెలల పంట రెండు గంటల్లో పాడవుతుంది.

రికార్డింగు గదిలో కూర్చుని నిదానంగా చదివింది. "బుధవారం కెళ్లి ఆదివారం దాంక వానలున్నయి. రాళ్లవాన గూడ పడొచ్చు. తవ్విన పసుపు ఈ వారం ఉడకబెట్టకుండ్రి. ఉడకబెట్టింది కల్లంల ఉంటే మంగళారం సాయంత్రం లోపల కుప్ప చేసి పరదా కప్పుండ్రి. అడుగుకు నీళ్లు పోకుండ సుట్టు మట్టికట్ట పెట్టుండ్రి."

జగన్నాథరావు గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. మళ్లీ ఒకసారి విన్నారు. కళ్లద్దాలు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు.

"రాళ్లవాన అని గింత గట్టిగ చెప్పాల్నా అమ్మా?"

"దాచిపెట్టకు అని మీరే కద సార్ నేర్పింది."

ఆయన నవ్వారు. "మంచిగనే ఉంది. ఉదయ్ సాయంత్రం పంపిస్తడు. అన్నట్టు రేపు మీ అమ్మకు కంటి ఆపరేషన్ కద? నువ్విప్పుడే ఇంటికి పో. రేపు ఎల్లుండి రాకు. గురువారం వద్దువుగాని."

"రేపొక్కనాడు చాలు సార్."

"వద్దు. కన్ను అంటే జాగ్రత్తగ ఉండాలె. ఇక్కడి పరేషాన్ ఏం పెట్టుకోకు."

నవనీత సంచీ తీసుకుని బయటికొచ్చింది. ముందుగదిలో కొత్త కరపత్రాల కట్టలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. పసుపు ఉడకబెట్టే ఆవిరి యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీవి అవి. ఆ ఏడాది ఫోను కబుర్ల ఖర్చు ఆ కంపెనీయే భరిస్తోంది. కట్టలు తగలకుండా పక్కకు జరిగి మెట్లు దిగింది. ఎంత మంచి మనిషి, అనుకుంది, మా అమ్మ ఆపరేషన్ కూడా గుర్తుపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం తల్లిని ఆసుపత్రిలో చేర్పించే హడావుడిలో ఫోను ఆఫ్ చేసి ఉంది. ఆరు గంటల కబురు ఆమె వినలేదు. వినాలని తోచలేదు కూడా. చెప్పింది తనే కదా.

బుధవారం మధ్యాహ్నం తల్లిని ఇంటికి తెచ్చింది. నాలుగు గంటలకు చిక్కడపల్లి మీద ఆకాశం సీసం రంగు తిరిగింది. కూరగాయల మార్కెట్లో బండ్ల వాళ్లు ప్లాస్టిక్ పట్టాలు లాగుతుండగానే వాన దబదబా దిగింది. ఆ వెనకే గోళీకాయలంత వడగళ్లు, రేకుల మీద గుప్పెళ్లతో విసిరినట్టు. ఎదురింటి పిల్లలు గిన్నెలు పట్టుకుని ఏరడానికి పరుగెత్తారు.

"నువ్వు చెప్పినట్టే పడ్డదే" అంది తల్లి, ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి శబ్దం వింటూ.

నవనీత కిటికీ దగ్గర నిలబడి ఉత్తరం వైపు చూసింది. అటు ఇంకా నల్లగా ఉంది. ఆ నలుపు కింద ఎన్ని కల్లాలో, ఎన్ని పరదాలో. అంచుల మీద రాళ్లు పెట్టి, చుట్టూ కట్టలు పోసి, మనుషులు సాయబాన్ల రేకుల కింద కూర్చుని చాయ తాగుతుంటారనుకుంది. ఎనిమిదేళ్లలో తన పని ఇంత తిన్నగా ఎవరికైనా పనికొచ్చిన రోజు ఇదే అనిపించింది. ఆ రాత్రి బాగా నిద్రపోయింది.

గురువారం పొద్దున ఆఫీసుకు నడుస్తుంటే ఫోను మోగింది. కమలవ్వ. కోరుట్ల పక్క ఊరు, ఎకరంన్నర పసుపు. రెండేళ్ల కిందట మార్కెట్ యార్డులో రైతుల మీటింగు జరిగినప్పుడు నవనీతను వెతుక్కుంటూ వచ్చి, ఎగాదిగా చూసి, "గొంతు విని లావుంటవనుకున్న, గింత బక్కగున్నవేంది బిడ్డా" అన్న ముసలామె. అప్పటి నుంచి నెలకోసారైనా ఫోను చేసేది. కూతురు రజిత అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది.

"చెప్పవ్వా. ఆడ వాన గట్టిగ పడ్డదా?"

అవతల పారతో బురద గీస్తున్న చప్పుడు ఆగింది.

"పడ్డదా అని అడుగుతున్నవా? మంగళారమే ఉడకబెట్టిన బిడ్డా. మొత్తం. కల్లంల పోసిన. రాళ్లు పడ్డయి, ఎనుకనే వరద వచ్చింది. సగం కొట్టుకపోయింది. సగం బురదల ఉన్నది."

నవనీత రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక ఆటో హారన్ కొట్టింది. "ఎందుకు ఉడకబెట్టినవవ్వా? వద్దని చెప్పిన కద!"

"ఎప్పుడు చెప్పినవ్? ఈ వారం పొడిగ ఉంటది, పసుపు ఉడకబెట్టుకోను మంచి అదను అన్నవ్. గా బాయిలర్ కంపినోళ్లు మా ఊర్లెనే దిగిండ్రు. నవనీతమ్మ చెప్పింది కద అంటే మా వాడకట్టంత ఉడకబెట్టిండ్రు."

"నేను గట్ల అనలేదవ్వా."

"నా చెవులు సచ్చిపోయినయా బిడ్డా? నీ గొంతు నాకు తెల్వదా?"

ఫోను కట్టయింది. నవనీత రోడ్డు పక్కకు వచ్చి, మూసి ఉన్న దుకాణం షట్టరుకు ఆనుకుని నిలబడింది. పాత కబుర్లు మళ్లీ వినడానికి ఒక నంబరు ఉంటుంది. దానికి కలిపింది.

"నమస్తే. నేను నవనీతను." ఇది మొన్నటిదే. తర్వాత చిన్న ఖాళీ, కన్ను ఆర్పినంత. "ఈ వారమంత పొడిగ ఉంటది. మబ్బులు కనబడ్డా వాన పడే సూచన లేదు. పసుపు ఉడకబెట్టుకోను మంచి అదను..." ఇది పదిహేను రోజుల కిందటిది. ఆ వారం ఆమెకు జలుబు చేసింది. రెండో వాక్యం నుంచి ముక్కు దిబ్బడ వేసిన గొంతు స్పష్టంగా తెలుస్తోంది. మంచి గొంతు, జలుబు గొంతు కలిపి కుట్టారు. తన మాటే, తన గొంతే. తను చెప్పనిది.

మూడుసార్లు విన్నది. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందన్న ఆశ మూడోసారికి చచ్చిపోయింది. పొరపాటున పాత ఫైలు వెళితే మొత్తం వెళ్లేది. ఇది ఎవరో కూర్చుని చేసిన పని.

ఆఫీసులో ఉదయ్ కుమార్ ఒక్కడే ఉన్నాడు. ఐదేళ్లుగా రికార్డింగులు సరిచేసి పంపేది అతనే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పేవాళ్లు. ఆమెను చూసి తీగలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఉదయ్, ఎవరు కలిపిండ్రు దాన్ని?"

"అక్కా, కూసో. నీళ్లు తాగు."

"నువ్వే కద?"

అతను తలెత్తలేదు. "సార్ చెప్పిండు. నేను వద్దన్న అక్కా. ఒకసారి అన్న."

"రెండోసారి ఎందుకనలే?"

అతను తీగచుట్టను ఇంకో మూలకు మార్చాడు.

"నాకు ఒక్క ఫోన్ చెయ్యరాలేదా ఉదయ్? సోమవారం కాకపోతే మంగళారమన్నా? వాన బుధవారం కద పడ్డది. ఒక్కరోజు టైముండె."

"సార్ చెయ్యొద్దన్నడు. వాళ్లమ్మకు ఆపరేషన్ అయితుంది, ఆమెను పరేషాన్ చెయ్యకు అన్నడు."

నవనీతకు అప్పుడు కూర్చోవాలనిపించింది. కరపత్రాల కట్టలు ఉన్నచోట ఇప్పుడు ఖాళీగా ఉంది. కట్టలు లేవు, నేల మీద వాటి దుమ్ము గీతలు మాత్రం ఉన్నాయి. ఆ కరపత్రాలు సోమవారమే ఊళ్లకు బయల్దేరి ఉంటాయి. సోమవారం పొద్దున ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నది, నవ్వింది, రెండు రోజులు సెలవిచ్చింది, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

జగన్నాథరావు గారు పదకొండింటికి వచ్చారు. గొడుగు మూలన పెట్టి, ఆమె మొహం చూసి, ఉదయ్‌ను చాయ్ తెమ్మని కిందికి పంపారు. ఆయన బుకాయించలేదు. ఆమెకు అదే ఎక్కువ నొప్పి పుట్టించింది.

"ఇరవై ఊర్లల్ల క్యాంపులమ్మా. రెండు నెలల కింద ఖాయమైనయి. యంత్రాలు లారీల మీద బయల్దేరినయి. వాన పడ్తదని మనమే చెప్తే ఒక్కడు ఉడకబెట్టడు. కంపెనీ వచ్చే ఏడు మనల్ని ఉంచదు. ఉంచకపోతే ఈ ఆఫీసుకు తాళమే. అప్పుడు ఏ రైతుకు ఏం చెప్తం? చెప్పు."

"అందుకని అబద్ధం చెప్పినమా సార్?"

"అబద్ధం ఎట్లయితది? వాన అని రాసి పడని వారాలు ఎన్ని లేవు? పోయినేడు రెండుసార్లు చెప్తిమి, చుక్క పడ్డదా? ఇది గూడ గట్లనే పోతదనుకున్న."

"మరి నాకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఒప్పుకోవు కద."

ఎంత మామూలుగా అన్నారో. ఆమెను ఆయన అంత బాగా ఎరుగును. ఆ ఎరిగినతనంతోనే ఆమెను పక్కకు తప్పించారు. ఆయన గొంతు మెత్తబడింది.

"అయిందేదో అయింది. పొద్దుగాల కెళ్లి ఫోన్లు వస్తున్నయి. పాత ఫైలు పొరపాటున పోయిందని చెప్దాం."

"ఎవరి పొరపాటు?"

ఆయన కిటికీ వైపు చూశారు. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

"గొంతు నీదే కదమ్మా" అన్నారు.

నవనీత లేచి నిలబడింది. వెళ్లిపోవడానికే లేచింది. కానీ బల్ల మీద ఆ పొద్దుటి వాతావరణ కాగితం ఉంది. శుక్ర, శనివారాల్లో ఇంకా పెద్ద వానలు. ఆదివారం వడగళ్లు. కొట్టుకుపోగా మిగిలిన పసుపు ఇంకా కల్లాల్లోనే ఉంది. ఎండ మొహం కనపడితే జనం దాన్ని మళ్లీ ఆరబోస్తారు. ఆకాశం పొడిగా ఉంటుందని ఆ ఫోన్లలో ఆమె గొంతు ఇప్పటికీ చెబుతూనే ఉంది.

"ఇప్పుడే వాన కబురు పంపియ్యాలె సార్. ఈ గంటలనే."

"పంపిద్దాం. నేను కాదన్ననా?" ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టారు. రాత్రే రాసి పెట్టినట్టుంది, అక్షరాలు కుదురుగా ఉన్నాయి. "నేను నవనీతను. సోమవారం నా పొరపాటు వల్ల పాత సందేశం మీకు చేరింది. క్షమించండి." ఆ కింద వాన వివరాలకు ఖాళీ వదిలారు.

"పై మాటలు లేకుండ పంపితే కాదా సార్?"

"మొన్న పొడి అన్నరు, ఇయ్యాల వాన అంటున్నరు, ఏంది సంగతి అని అడుగరా? ఎవరో ఒకరు చెప్పాలె. కంపెనీ పేరు బయటికి వస్తే అంతా మునుగుతది. నువ్వంటే వాళ్లకు ప్రేమ. నిన్ను మాఫ్ చేస్తరు."

ఉదయ్ చాయ్ గ్లాసులతో తలుపు దగ్గర ఆగాడు. నవనీత అతని వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని. అతను గ్లాసులు బల్ల మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఆమె రికార్డింగు గదిలోకి వెళ్లింది. "వాన సంగతి ముందు చెప్త. మీ మాట ఎనుక" అంది, వెనక్కి తిరగకుండా. ఆయన సరేనన్నారు.

ఆదివారం దాకా కల్లం విప్పొద్దని, తడిసిన కొమ్మును సాయబాన్లో పలచగా పరిచి గాలి తగలనివ్వమని, బురదలో కలిసింది ఏరి విడిగా పెట్టుకోమని చెప్పింది. ఆ తర్వాత కాగితం చూసి చదివింది. "సోమవారం నా పొరపాటు వల్ల..." గొంతు వణుకుతుందనుకుంది. వణకలేదు. ఎప్పటిలాగే తొందర లేకుండా, నిదానంగా, నమ్మేలా వచ్చింది. తన గొంతు మీద ఆమెకు అసహ్యం వేసింది.

అతను దాన్ని పంపేదాకా నవనీత ఉదయ్ పక్కనే నిలబడింది. తన ఫోను మోగితే ఎత్తి మొత్తం విన్నది. కోత లేదు, కుట్టు లేదు. అప్పుడు ఆఫీసు తాళంచెవి గుత్తిలోంచి విడదీసి జగన్నాథరావు గారి చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"తొందరపడకమ్మా" అన్నారాయన.

"నా గొంతుల తొందర లేదని మీరే అన్నరు కద సార్" అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

శుక్రవారం, శనివారం వానలు వాతావరణ శాఖ చెప్పినట్టే పడ్డాయి. శనివారం మధ్యాహ్నం కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు నవనీత అశోక్‌నగర్ వెళ్లింది. కమలవ్వ ఫోను ఎత్తడం లేదు. రజితకు చెబితే తల్లికి చేరుతుందనుకుంది. రజిత హాస్టల్లో లేదు. లైబ్రరీలో ఉంటుందన్నారు. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియకపోయినా, చదువుకునే పిల్లలతో లైబ్రరీ కిటకిటలాడుతోంది. వరండాలో, మెట్ల మీద, సైకిళ్ల స్టాండు రేకుల కింద కూడా పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. రజిత మెట్ల పక్కన గోడకు ఆనుకుని ఉంది. నవనీతను చూసి లేచింది కానీ దగ్గరికి రాలేదు.

"అమ్మ ఎట్లుంది రజితా?"

"ఎట్లుంటది అక్కా? మొన్న మొత్తుకుని మొత్తుకుని ఏడ్సింది. నిన్నటి సంది జర నయం. సాయబాన్ల పరిచినకాడికి మంచిగనే ఉందట. మూడోవంతు దక్కుతదేమో అంటుంది." పుస్తకం మూసి ఛాతీకి హత్తుకుంది. "నువ్వు తప్పు ఒప్పుకున్నవని మా అమ్మ కోపం తగ్గింది. ఎవరు ఒప్పుకుంటరు ఈ రోజుల్ల, పాపం ఆ పిల్ల అన్నది."

ఆ దయను అలాగే తీసుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు. నవనీత వెళ్లలేకపోయింది.

"అది నా తప్పు కాదు రజితా."

అంతా చెప్పింది. సోమవారం తను చదివింది, రెండు గొంతులు కలిపింది, క్యాంపులు, కాగితం. చెప్పడం అయ్యాక రజిత అడిగింది.

"మరి నీ తప్పు కాకపోతే ఎందుకు చదివినవ్?"

"చదువకపోతే వాన సంగతి పంపకపోతుండె."

"అంటే మొన్న చెప్పింది అబద్ధం. దానికి ముందుది నీది కాదు. ఇప్పుడు చెప్పేది నిజం." రజిత వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఎగతాళిగా కాదు, నిజంగా అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టే. "అక్కా, నేను నమ్ముత. ఎందుకంటే నీ మొహం చూస్తున్న. మా అమ్మకు ఫోన్ల చెప్తే ఏమంటది? ఇజ్జత్ పోతుందని మాట మారుస్తుంది అంటది. ఊర్లె అందరు అదే అంటరు."

"అయినా చెప్పు."

"చెప్త. ఆ సార్‌ను మాత్రం ఇడువను." రజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా నాయిన నడుం పోయినంక మా అమ్మ ఒక్కతే చేసింది ఆ పంట. నా హాస్టల్, నా కోచింగ్ అన్నీ ఆ పసుపే. నువ్వు మోసం చెయ్యలేదంటున్నవ్, సరే. మరి మమ్మల్ని ఎవరు చేసిండ్రని చెప్పుకోవాలె? నీ పేరు తప్ప మాకు ఎవరి పేరు తెల్వదు."

జగన్నాథరావు అన్న పేరు, ఆఫీసు అడ్రసు, కంపెనీ పేరు నవనీత ఆమె నోటుపుస్తకం వెనక పేజీలో రాసింది. చెయ్యి ఒక్కసారి ఆగింది. ఎనిమిదేళ్ల అన్నం. ఆగి, పూర్తిచేసింది.

ఆదివారం రాళ్లవాన పడింది. సోమవారం తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. నవనీతకు ఎనిమిదేళ్లలో మొదటిసారి సోమవారం పొద్దున వెళ్లే చోటు లేదు. బట్టలు ఉతికింది. తల్లి కంట్లో మందు వేసింది. సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. జాబితాలోంచి తన నంబరు ఇంకా తీసెయ్యలేదు. ఎత్తింది.

"నమస్తే. నేను నవనీతను. ఈ వారం వాన కబురు చెప్తున్న, జర వినుండ్రి."

ఏ ఏడాదిదో, ఏ వారానిదో. ఎండ బాగుంటుందని, పసుపు ఆరబెట్టుకోవచ్చని ఆ గొంతు చెప్పింది. చెప్పింది నిజమే కావచ్చు. బయట ఆకాశం అలాగే ఉంది. కానీ ఆ ఆఫీసులో ఎనిమిదేళ్ల తన మాటలున్నాయి. వాన అనీ ఉంది, ఎండ అనీ ఉంది. నారు, కోత, మందు, ఎరువు అన్నీ ఉన్నాయి. ఆమె అక్కర వాళ్లకు ఇక లేదు. ఉదయ్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఆఫ్ అని వచ్చింది. ఫోను పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి, తల్లికి వినపడకుండా ఏడ్చింది. ఆపరేషన్ నాడు కూడా ఆమె ఏడవలేదు.

మర్నాడు కమలవ్వే ఫోను చేసింది.

"రజిత చెప్పింది బిడ్డా. నిజమేనా?"

"నిజమే అవ్వా. నిన్న సాయంత్రం ఫోన్ల చెప్పింది గూడ నేను కాదు. ఇగ ఎన్నడు వచ్చినా అది నేను కాదు."

"నీ గొంతే వచ్చె."

"నా గొంతే. నేను కాదు."

కమలవ్వ వెనక చీపురుతో కల్లం ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. "గట్లయితే ఏది నువ్వో, ఏది కాదో నేనెట్ల తెలుసుకోవాలె? మీ సార్‌కు బుద్ధి లేదు, నాకు సదువు లేదు." కోపంగా ఊపిరి వదిలింది. "ఒక పని చెయ్యి. వాన ఉన్నప్పుడు నువ్వే ఫోన్ చెయ్యి. కమలవ్వా అని పేరు పెట్టి పిలువు. నేను ఒక మాట అడుగుత, నువ్వు జవాబియ్యి. అప్పుడు నమ్ముత. మిగిలినోళ్లకు నేను చెప్త. నమ్మేటోళ్లు నమ్ముతరు."

"సరే అవ్వా."

"వాళ్ల మీద కేసు పెడ్తనంటుంది రజిత. నువ్వొచ్చి సాక్ష్యం చెప్తవా?"

"చెప్త."

"ఆయన నిన్ను బిడ్డ లెక్క చూసిండంటివి."

"అవునవ్వా" అంది నవనీత.

ఆ వారం ఆమె పదకొండు మందికి ఫోను చేసింది, కమలవ్వ ఇచ్చిన నంబర్లకు. నలుగురు గొంతు వినగానే పెట్టేశారు. ఒకాయన బూతులు తిట్టాడు, ఆమె అడ్డు చెప్పలేదు. బీరమ్మ అనే ఆమె మాత్రం మొత్తం విని, "ఆగు, నా కొడుక్కిస్త, రాసుకుంటడు" అంది. అవతల ఫోను చేతులు మారుతున్నంతసేపూ నవనీత నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్న వాతావరణ శాఖ కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి పట్టుకుని, మొదటి వాక్యం మీద వేలు పెట్టి కూర్చుంది.